డబ్బా మూత తీసే ముందు: యుద్ధకాలపు సినిమా ప్రింటును విశాఖలో కొని, నిలుపుకొనే పద్ధతి

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తీసిన సినిమా గానీ, ఆ యుద్ధాన్నే కథగా పెట్టుకుని ఆ వెంటనే వచ్చిన సినిమా గానీ ఇవాళ రీలు రూపంలో దొరకడం అరుదు. ఎందుకు అరుదో ముందు తెలుసుకుంటే బేరం దగ్గర సగం మోసాలు బయటపడతాయి.

యుద్ధం వల్ల ముడిఫిల్మ్ దిగుమతి తగ్గింది. 1942లో బ్రిటిష్ ప్రభుత్వం సినిమా నిడివిని 11,000 అడుగులకు, ట్రైలరును 400 అడుగులకు కుదించింది. మరుసటేడు ముడిఫిల్మ్‌కు లైసెన్సు పెట్టింది. దాంతో ఒక్కో సినిమాకు తీసిన ప్రింట్లే తక్కువ. ఆ తక్కువలోనూ 35 ఎం.ఎం. ప్రింట్లన్నీ దాదాపుగా నైట్రేట్ ఫిల్మ్ మీదే, అంటే నిప్పు తగిలితే ఆర్పలేని సరుకు మీదే ఉన్నాయి. ఊళ్లన్నీ తిరిగి గీతలు పడ్డాక వాటిని వెండి కోసం కరిగించేశారు. భద్రంగా దాచినవాటికీ భరోసా లేకపోయింది. 2003 జనవరిలో పుణేలో జరిగిన అగ్నిప్రమాదంలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చెందిన నైట్రేట్ రీళ్లు పెద్ద ఎత్తున బూడిదయ్యాయి.

విశాఖవాళ్లకు ఈ సినిమాల మీద మక్కువ ఉండడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసిన ఊరు ఇది. ఆ బాంబుల్లో ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది కూడా ఈ తీరం దగ్గరే. చిక్కల్లా ఈ ఊరి గాలితోనే. ఇక్కడ ప్రింటును కొనడం కంటే బతికించడం కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. అందుకే ఈ మార్గదర్శిలో కొనుగోలుకు ఎంత చోటిచ్చామో నిల్వకూ అంతే ఇచ్చాం.

ఏ రూపం కొనాలో ముందే తేల్చుకోండి

సినిమా పేరు పట్టుకుని వెతకడం సరిపోదు. ఏ భాషా రూపం, ఏ విడుదల, ఏ కొలత ఫిల్మ్ అన్నది కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు జపాన్ దాడి సమయంలో చైనా వెళ్లి సేవ చేసిన షోలాపూర్ వైద్యుడు ద్వారకానాథ్ కోట్నిస్ కథను వి. శాంతారాం 1946లో ‘డాక్టర్ కోట్నిస్ కీ అమర్ కహానీ’గా తీశారు. దానికి హిందీ రూపంతో పాటు ఇంగ్లిష్ రూపం కూడా ఉంది. పేరు ఒకటే చూసి కొన్నవారికి ఏ రూపం చేతికొచ్చిందో రీలు విప్పేదాకా తెలియదు. రెండు రూపాలున్న సినిమాల మీద సేకర్తల పోటీ కూడా ఎక్కువే.

మార్కెట్లోకి వచ్చేవి స్థూలంగా ఇవి: 35 ఎం.ఎం. తొలి విడుదల ప్రింటు, తర్వాతి దశాబ్దాల్లో మళ్లీ విడుదల చేసినప్పుడు సేఫ్టీ ఫిల్మ్, అంటే తేలిగ్గా మండని ఫిల్మ్ మీద తీసిన 35 ఎం.ఎం. ప్రింటు, చిన్న తెరల కోసం కుదించిన 16 ఎం.ఎం. ప్రింటు, ఇవి కాక కాగితపు సరుకు, అంటే పాటల పుస్తకం, వాల్‌పోస్టరు, ఫొటోకార్డులు. మొదటిదాని జోలికి ఇంట్లో దాచుకునేవారు పోకూడదు. కొత్తగా మొదలుపెట్టేవారికి పాటల పుస్తకం, ఆ తర్వాత 16 ఎం.ఎం. ప్రింటు సరైన వరుస. కాగితం చేతిలో ఉంటే ఏ పాటలుండాలో, ఎవరు నటించారో, కథ ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. రేపు ప్రింటు పరీక్షించడానికి అదే కొలబద్ద.

ఎక్కడ వెతకాలి, ఏం అడగాలి

పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల పాత సామాను కొట్లు, వన్ టౌన్ పాత ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు బయటపడే ట్రంకుపెట్టెలు, మూతపడిన థియేటర్ల ఆపరేటర్ గదుల సామాను, ఇవే ఇక్కడి దారులు. పంపిణీ వ్యాపారం ఎక్కువగా బెజవాడ గాంధీనగర్ మీదుగా నడిచింది కాబట్టి అక్కడి పాత ఆఫీసుల చిత్తుకాగితాలు కూడా విశాఖ బేరగాళ్ల దగ్గరికి వస్తుంటాయి. పాత పత్రికల్లో విడుదల ప్రకటన వెతకాలంటే ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణ గ్రంథాలయం చూడండి.

16 ఎం.ఎం. ప్రింట్లు ఎక్కువగా సంస్థల నుంచి బయటికొచ్చినవి. పాఠశాలలు, ప్రచార వ్యాన్లు, సైనిక యూనిట్లు ఆ ప్రొజెక్టర్లు వాడేవి. డబ్బా మీద గానీ లీడరు (రీలు మొదట్లో ఉండే ఖాళీ ముక్క) మీద గానీ ప్రభుత్వ శాఖ ముద్ర, గ్రంథాలయ నంబరు కనిపిస్తే వేలంలో కొన్న రసీదో, సరుకును తీసివేసినట్టు కాగితమో అడగండి. లేదంటే వదిలేయండి. అది దొంగసొత్తు అయితే ఆ తలనొప్పి కొన్నవారికే.

అమ్మేవారిని మూడు సంగతులు అడగండి. డబ్బాలు ఇన్నాళ్లూ ఏ గదిలో, ఏ అంతస్తులో ఉన్నాయి? చివరిసారి ఎప్పుడు ఆడించారు? పాటలన్నీ ఉన్నాయా? మూడోది అడగకుండా డబ్బులివ్వకండి. పాటల ముక్కలు కత్తిరించి విడిగా దాచుకునే అలవాటు వల్ల మన ప్రింట్లలో అన్నిటికంటే ముందు మాయమయ్యేవి పాటలే.

నైట్రేట్ అవునో కాదో

డబ్బా తెరిచే పని గాలి ఆడే చోట, ఎండ తగలకుండా, పొయ్యికి, సిగరెట్టుకు దూరంగా పెట్టుకోండి. చేతికి నైట్రైల్ తొడుగులు, ముఖానికి మాస్కు ఉండాలి.

ముందు వెడల్పు కొలవండి. 16 ఎం.ఎం. అయితే ఊపిరి పీల్చుకోవచ్చు, ఆ కొలతలో మన దగ్గర తిరిగినదంతా సేఫ్టీ ఫిల్మే. 35 ఎం.ఎం. అయి, 1951కి ముందుదని చెబితే నైట్రేట్ అనే అనుకుని నడుచుకోండి. కొడాక్ ఆ ఏడాదితోనే నైట్రేట్ తయారీ ఆపింది, వాడకం ఇంకొన్నాళ్లు సాగింది.

ఆ తర్వాత అంచు చూడాలి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, వెనక తెల్లని వెలుతురు చాలు. రంధ్రాల పక్కన సేఫ్టీ అనో నైట్రేట్ అనో ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. ప్రింటు తీసేటప్పుడు నెగటివ్ అంచు మీది అక్షరాలు కూడా ప్రింటులోకి దిగుతాయి. నలుపు తెలుపు ప్రింటులో స్పష్టమైన అంచు మీద నల్లటి అక్షరాలుంటే అవి ఆ ఫిల్మ్‌వే. నల్లటి అంచులో తెల్లగా మెరిసే అక్షరాలుంటే అవి నెగటివ్ నుంచి దిగినవి, మీ చేతిలోని ఫిల్మ్ గురించి అవి ఏమీ చెప్పవు. రెండూ ఒకేచోట ఒకదాని మీద ఒకటి పడి ఉండడం కూడా మామూలే, నల్లవాటినే నమ్మండి. ‘1943 నాటి ఒరిజినలండి బాబూ’ అని చూపించిన 35 ఎం.ఎం. ప్రింటు మీద సేఫ్టీ అని నల్లటి అక్షరాలుంటే అది తర్వాతి విడుదలదన్నమాట. కొనొచ్చు, కానీ ఒరిజినల్ ధరకు కాదు.

నైట్రేట్ చెడే క్రమం ఇలా ఉంటుంది. బొమ్మ వెలిసి ఫిల్మ్ తేనెరంగుకు తిరుగుతుంది. తర్వాత పైపూత జిగురుగా మారి చుట్లు అంటుకుంటాయి. ఆపైన బుడగలు, ఘాటైన వాసన. నాలుగో దశలో రీలంతా ముద్దయి పైన నురగలాంటిది తేలుతుంది. చివరికి గోధుమరంగు పొడి మిగులుతుంది. బాగా చెడిన నైట్రేట్ 41 డిగ్రీల దగ్గర కూడా తనంతట తాను అంటుకోగలదు. మే నెలలో రేకుల షెడ్డు లోపలి వేడి ఎంతో ఈ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. మండేటప్పుడు ఆక్సిజన్ దానిలోంచే పుడుతుంది, అందుకే నీళ్లు పోసినా, ఇసుక కప్పినా ఆరదు. వచ్చే పొగ విషం.

చిన్న ముక్క కత్తిరించి కాల్చి చూడడం, ద్రావకంలో వేసి మునుగుతుందేమో చూడడం లాంటివి పుస్తకాల్లో ఉంటాయి గానీ ఇంట్లో చేసేవి కావు. నైట్రేట్ అని అనుమానం వచ్చిన క్షణమే మూత పెట్టేయండి. కానీ బిగించవద్దు. చల్లని నీడలో, మనుషులు పడుకోని చోట ఉంచి పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు గానీ, ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కు గానీ రాయండి. నైట్రేట్ నిల్వకు 1948 నాటి సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్ రూల్స్ ఉన్నాయి. కొరియర్‌లో, రైల్లో, బస్సు డిక్కీలో పంపడం నేరం, అంతకుమించి ప్రమాదం.

పులుపు వాసన, కుంచింపు

సేఫ్టీ ఫిల్మ్ అంటే ఎక్కువగా ఎసిటేట్. తేలిగ్గా మండదు గానీ కుళ్లుతుంది. తేమ, వేడి కలిస్తే ఎసిటేట్‌లోంచి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్ పుడుతుంది. ఆ ఆమ్లమే మిగతా ఫిల్మ్‌ను ఇంకా వేగంగా చెడగొడుతుంది. ఒక హద్దు దాటాక ఆగదు.

మూత తీయగానే ముక్కు పెట్టి పీల్చకండి. అరచేత్తో గాలిని ముక్కు వైపు విసురుకోండి, చాలు. ముక్కు చెప్పేది ఉజ్జాయింపే. నికరంగా తెలియాలంటే ఎ-డి స్ట్రిప్‌లు వాడాలి. ఇవి నీలంరంగు చిన్న కాగితపు పట్టీలు. ఒకటి డబ్బాలో రీలు మీద పెట్టి మూత వేసి 24 గంటలు ఉంచండి. నీలంగానే ఉంటే సున్నా, బాగున్నట్టు. నీలం నుంచి ఆకుపచ్చకు మొగ్గితే 1. ఒకటిన్నర దగ్గర, పైన చెప్పిన ఆగని కుళ్లు మొదలైనట్టే. పూర్తిగా ఆకుపచ్చ అయితే 2, వెంటనే స్కాన్ చేయించాలి. పసుపు అయితే 3, రీలు వంకర్లు తిరగబోతోంది. రెండు దాటినదాన్ని అరుదైన సినిమా అయితే తప్ప కొనొద్దు. కొన్నా, స్కానింగ్ ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడండి.

తర్వాత కుంచింపు. ఎసిటేట్ పాతబడ్డకొద్దీ పొడవు తగ్గుతుంది, రంధ్రాల మధ్య దూరం తగ్గుతుంది, ప్రొజెక్టరు పళ్లు రంధ్రాల్లో సరిగా కూర్చోక ఫిల్మ్‌ను చీల్చేస్తాయి. కొలవడానికి మీటరు పొడవు స్టీలు స్కేలు చాలు. బల్లమీద ఫిల్మ్‌ను లాగకుండా చదునుగా పరిచి, ఒక రంధ్రం అంచు నుంచి నూరు రంధ్రాలు లెక్కపెట్టి కొలవండి. 16 ఎం.ఎం. కొత్త ప్రింటులో నూరు రంధ్రాల దూరం 762 మి.మీ., 35 ఎం.ఎం.లో 475 మి.మీ. ఒక శాతం కుంచింపు అంటే 16 ఎం.ఎం.లో సుమారు 7.6 మి.మీ., 35లో 4.75 మి.మీ. తక్కువ రావడం. 0.8 శాతం దాటితే ప్రొజెక్టరుకు ఎక్కించే ఆలోచన మానుకోండి. రెండు శాతం దాటితే మామూలు స్కానర్లు కూడా పట్టుకోలేవు, పళ్లు లేని రోలర్లతో నడిచే స్కానరు ఉన్న ల్యాబే దిక్కు. రీలు మొదట్లో ఒకచోట, మధ్యలో ఒకచోట, చివర ఒకచోట కొలవండి. పైచుట్లకు గాలి ఎక్కువ తగులుతుంది, అందుకని మొదట్లోని లెక్క రీలంతటికీ వర్తించదు.

ఇంకో సంగతి. రీలును పక్కకు తిప్పి వెలుతురుకు ఎదురు పెట్టినప్పుడు చుట్ల మధ్య నుంచి కాంతి తేటగా దూసుకొస్తే అది పాలియెస్టర్ అనే మరో రకం ఫిల్మ్. దానికి పులుపు రోగం రాదు, కానీ అది ఇటీవలి ప్రింటు అని అర్థం. దాన్ని ఫిల్మ్ సిమెంటుతో అతకడం కుదరదు, టేపు అతుకే వేయాలి.

రంగు సినిమాల్లో పాత ఈస్ట్‌మన్ ప్రింట్లు ఎర్రబారిపోతాయి. యుద్ధకాలపు సినిమాలు ఎక్కువగా నలుపు తెలుపువి కాబట్టి ఆ బాధ లేదు. వీటికి గిరాకీ ఉండడానికి ఇదీ ఒక కారణం.

పూర్తిగా ఉందా, లేదా

ప్రింటును ఆడించి చూడమని అమ్మేవారు తొందరపెడతారు. వద్దు. ఆడించకుండానే నిడివి లెక్కకట్టవచ్చు.

35 ఎం.ఎం.లో అడుగుకు 16 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు. 16 ఎం.ఎం.లో అడుగుకు 40 ఫ్రేములు, నిమిషానికి 36 అడుగులు. అంటే 35లోని అడుగుల్ని 0.4తో గుణిస్తే 16లోని అడుగులొస్తాయి. యుద్ధకాలపు 11,000 అడుగుల సినిమా 122 నిమిషాలు, 16 ఎం.ఎం.లో 4,400 అడుగులు. 1,600 అడుగుల రీలులో 44 నిమిషాలు పడుతుంది కాబట్టి అలాంటి సినిమా దాదాపు నిండుగా మూడు రీళ్లుండాలి. రెండే ఉంటే అడగండి.

రీలులో ఎంత ఫిల్మ్ ఉందో కొలతబద్దతో తేల్చే లెక్క ఇది: బయటి వ్యాసం వర్గంలోంచి లోపలి బిళ్ల వ్యాసం వర్గాన్ని తీసేసి, 0.785తో గుణించి, ఫిల్మ్ మందంతో భాగించాలి. బయట 30 సెం.మీ., లోపల 12 సెం.మీ., మందం 0.15 మి.మీ. అయితే సుమారు 396 మీటర్లు, అంటే 1,300 అడుగులు, 36 నిమిషాలు. వదులుగా చుట్టి ఉంటే లెక్క కొంచెం ఎక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోండి.

ఈ లెక్కను దేనితో పోల్చాలి? ప్రింటు మొదట్లో ఉండే సెన్సారు సర్టిఫికెట్‌తో. అందులో నిడివి, రీళ్ల సంఖ్య, తేదీ ఉంటాయి. కేంద్ర సెన్సారు బోర్డు 1951లో వచ్చింది. అంతకుముందు మద్రాసు, బొంబాయి, కలకత్తా లాంటి చోట్ల ప్రాంతీయ బోర్డులే. కాబట్టి కేంద్ర బోర్డు సర్టిఫికెట్ ఉన్న 1940ల సినిమా ప్రింటు తర్వాతి విడుదలకు చెందినది. నిడివి మీటర్లలో ఉంటే ఇంకా తర్వాతిది. సర్టిఫికెట్లకు పదేళ్ల గడువు ఉన్న రోజుల్లో తిరిగి తీసుకున్నప్పుడల్లా తేదీ మారేది. ఆ తేదీ సినిమాది అనుకోకూడదు.

కొడాక్ ఫిల్మ్ అంచు మీద వృత్తం, చతురస్రం, త్రిభుజం లాంటి గుర్తులు కూడా తయారీ ఏడాదిని చెబుతాయి, కానీ అవే గుర్తులు ఇరవయ్యేళ్లకోసారి తిరిగి వస్తాయి. 1944 అని చదివింది 1964 కావచ్చు. సర్టిఫికెట్, అంచు అక్షరాలు, గుర్తు మూడూ కలిసి ఒకే మాట చెబితేనే నమ్మండి.

పాటల్ని పాటల పుస్తకంతో సరిచూడండి. ప్రతి పాట మొదలూ చివరా అతుకులున్నాయేమో చూడండి. పాట దగ్గర రెండు అతుకులు దగ్గరదగ్గరగా కనిపిస్తే ఎవరో తీసి మళ్లీ పెట్టారు, లేదా వేరే ప్రింటులోది తెచ్చి అతికించారు. రెండో సందర్భంలో నలుపు గాఢత మారుతుంది, సౌండ్‌ట్రాక్ (ఫిల్మ్ అంచున శబ్దం అచ్చయిన పట్టీ) వెడల్పు, ఆకృతి కూడా మారొచ్చు.

డబ్బాలో సినిమాతో సంబంధం లేని చిన్న రీలు దొరికితే పారేయకండి. 1943 నుంచి థియేటర్లు ప్రభుత్వ వార్తాచిత్రాలు, ప్రచారచిత్రాలు చూపించి తీరాలన్న నిబంధన ఉండేది. వాటిని తీసిన ప్రభుత్వ విభాగాలు ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా, ఇండియన్ న్యూస్ పెరేడ్ 1946లో మూతపడ్డాయి, 1948లో ఫిల్మ్స్ డివిజన్ వచ్చింది. 1943 నుంచి 1946 దాకా తీసిన అలాంటి రీలు ఒక్కోసారి అసలు సినిమా కంటే అరుదు. అది కూడా 35 అయితే నైట్రేటే అనుకుని పైన చెప్పిన జాగ్రత్తలు పాటించండి.

పాటల పుస్తకం, పోస్టరు: అసలుదా, అచ్చేసినదా

కాగితం దగ్గర నకిలీలు ఎక్కువ. కానీ పట్టుకోవడం సులువు, చూడాల్సిన చోట చూస్తే చాలు.

ధర ఏ నాణెంలో ఉందో చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది కావడానికి అవకాశం ఎక్కువ. నయా పైసల్లో ఉంటే 1957 నుంచి 1964 మధ్య. ఉత్త పైసలైతే ఆ తర్వాత. పంపిణీదారు చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది, ఎవరెన్ని చెప్పినా సరే. ఆ రోజుల్లో అమల్లో ఉన్న 1867 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాల్సిందే. ఆఖరి అట్ట అడుగున చిన్న అక్షరాల్లో అది కనిపించకపోతే అనుమానించండి.

అతినీలలోహిత టార్చి ఒకటి కొనుక్కోండి, 365 నానోమీటర్లది. చీకటి గదిలో కాగితం మీద వేస్తే, తెల్లదనం కోసం రసాయనం కలిపిన కాగితం నీలపు తెలుపుగా వెలుగుతుంది. ఆ రసాయనాలు కాగితంలోకి వచ్చింది ప్రధానంగా 1950ల నుంచి. యుద్ధకాలపు అసలు కాగితం మందకొడిగా, గోధుమ ఛాయలో ఉండిపోతుంది. మీద పడిన ధూళి, బట్టలసబ్బు మరకలు కూడా వెలుగుతాయి కాబట్టి మడత లోపలి భాగం చూడాలి.

పోస్టరు మీద భూతద్దం పెట్టండి. రాతి అచ్చులో రంగు ముద్దలుగా, క్రేయాన్ గీసినట్టు గరుకుగా ఉంటుంది. ఆఫ్‌సెట్‌లో చుక్కలు పువ్వుల్లా వరుసకట్టి ఉంటాయి. ఇంక్‌జెట్ నకలులో చుక్కలు చిందరవందరగా చల్లినట్టుంటాయి. మడత గీత దగ్గర వేలితో తడమండి. మడత నిజమైతే రంగు చిట్లి కాగితపు పీచు పైకి లేస్తుంది. నకలులో మడత కూడా అచ్చే, వేలికి ఏమీ తగలదు.

పాటల పుస్తకం పేజీలు లెక్కపెట్టండి. మడిచి కుట్టిన పుస్తకంలో పేజీలు నాలుగు గుణిజాల్లో ఉంటాయి: 8, 12, 16. పద్నాలుగు వస్తే ఒక ఆకు పోయినట్టే. తుప్పు పట్టిన స్టేపుల్‌ను లాగి పీకకండి. వెనకవైపు కాళ్లు సన్నని చాకుతో లేపి, పైనుంచి జార్చి తీసి, దారంతో కుట్టండి. సెల్లోటేపు, లామినేషన్, ఫెవికాల్ మూడూ వద్దు. చిరుగుకు పల్చని జపాన్ కాగితం, గోధుమ గంజి చాలు. ప్లాస్టిక్ కవర్లలో పాలియెస్టర్‌వే వాడండి. పి.వి.సి. కవర్లు కొన్నేళ్లకు జిగటై అచ్చును ఊడదీస్తాయి.

పురుగు పట్టిన కాగితాన్ని మిగతావాటితో కలపకుండా గాలి చొరని సంచిలో కట్టి, ఇంటి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి, విప్పితే గాలిలోని తేమ చల్లటి కాగితం మీద చెమటలా పడుతుంది. నాఫ్తలీన్ ఉండలు ఫిల్మ్ పక్కనా, కాగితం పక్కనా పెట్టకూడదు. ఎండు వేపాకు పెట్టే అలవాటు కూడా మానండి, అది తేమను, కొత్త పురుగుల్ని లోపలికి తెస్తుంది.

ఉప్పుగాలి ఊళ్లో నిల్వ

సోడియం క్లోరైడ్‌కు ఒక లక్షణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది నీళ్లు పీల్చుకుని కరుగుతుంది. సముద్రగాలితో వచ్చి డబ్బా మీద వాలిన ఉప్పు ధూళి విశాఖలో ఏడాదిలో చాలా రోజులు ఆ హద్దు దాటే ఉంటుంది. రేకు డబ్బాలు అంచుల దగ్గర ముందు తుప్పు పట్టడానికి కారణం ఇదే. తుప్పు పొడి చుట్ల మధ్యకు జారితే తీసేటప్పుడు గీతలే గీతలు, తెర మీద వాన. ఇంటికి తెచ్చిన మొదటి రోజే పాత రేకు డబ్బాను తీసేసి, గాలి కొద్దిగా ఆడే పాలీప్రొపిలీన్ డబ్బాలోకి మార్చండి. పాత డబ్బా మీది చీటీలు, చేతిరాతలు ఫొటో తీసి, వీలైతే విడదీసి కాగితాలతో దాచండి.

తేమ కొలిచే పరికరం లేకుండా ఏ పనీ చేయొద్దు. చవకదైనా ఫర్వాలేదు, కానీ ముందు సరిచూసుకోండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, నాలుగు చుక్కల నీళ్లు చల్లి చిత్తడి చేసి, పరికరంతో పాటు జిప్ సంచిలో పెట్టి, పన్నెండు గంటలు వదిలేయండి. 75 చూపించాలి. 81 చూపిస్తే దాని ప్రతి అంకెలోంచీ ఆరు తీసేయాలని చీటీ అంటించండి.

లక్ష్యం 30 నుంచి 50 శాతం. 65 దాటితే బూజు మొదలవుతుంది. 21 డిగ్రీలు, 50 శాతం తేమ దగ్గర కొత్త ఎసిటేట్‌కు పులుపు మొదలవడానికి సుమారు 40 ఏళ్లు పడుతుందని అంచనా. మన ఇళ్లలో వేడి, తేమ రెండూ అంతకంటే ఎక్కువ కాబట్టి ఆ గడువు బాగా కుదించుకోండి.

ఏసీ పెడితే సరిపోతుందనేది పెద్ద అపోహ. గది చల్లబడి కంప్రెసరు నెమ్మదించాక ఏసీ తేమను సరిగా లాగదు. వేడి తగ్గి తేమ శాతం పెరగడమూ ఉంటుంది. రాత్రి నాలుగు గంటలు వేసి తీసేసే గది రోజూ తడిసి ఆరుతున్నట్టే. అంతకంటే ఫొటోగ్రాఫర్లు వాడే ఎలక్ట్రానిక్ డ్రై క్యాబినెట్ మేలు. 40 దగ్గర పెట్టి వదిలేయొచ్చు. కొనే ముందు లోపలి లోతు కొలవండి. 1,600 అడుగుల రీలు డబ్బా సుమారు 36 సెం.మీ. వెడల్పు ఉంటుంది, చిన్న క్యాబినెట్లలో పట్టదు.

అంత ఖర్చు పెట్టలేకపోతే రబ్బరు పట్టీ ఉన్న ప్లాస్టిక్ పెట్టె, నారింజరంగు సిలికా జెల్. వంద లీటర్ల పెట్టెకు కిలో వేసి, తేమ పరికరం లోపలే పెట్టండి. రంగు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాలిస్తే మళ్లీ పనిచేస్తుంది. నీలంరంగు సిలికాలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, వంటగది ఓవెన్‌లో అది వద్దు. ఈ పెట్టెలో పులుపు వాసన లేని రీళ్లే పెట్టాలి. ఆమ్లం వదులుతున్న రీలును గాలి చొరని పెట్టెలో మూస్తే తన ఆమ్లంలో తానే నానుతుంది, పక్కవాటికీ అంటిస్తుంది. దాన్ని వేరే గదిలో, గాలి ఆడే డబ్బాలో, ఆమ్లాన్ని, తేమను పీల్చుకునే మాలిక్యులర్ సీవ్ పొట్లాలతో ఉంచి ముందు స్కాన్‌కు పంపండి.

రీళ్లు పడుకోబెట్టే ఉంచాలి, నిలబెడితే అడుగు చుట్లు నొక్కుకుపోతాయి. అటక మీద వేడి, నేలమీద నీటి భయం. సముద్రం వైపు గోడకు ఆనించకండి, ఆ గోడ ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ఇంటి లోపలి గోడకు, నేల నుంచి రెండడుగుల ఎత్తులో బీరువా మధ్య అర సరైన చోటు. పెట్టె తెరిచి పరీక్షించే పనులన్నీ డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. ఉక్కపోత రోజుల్లో తెరిచిన ప్రతిసారీ లోపలికి తడిగాలి పంపినట్టే.

తుఫాను హెచ్చరిక వస్తే సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరికి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు డబ్బాల్ని మందపాటి పాలిథిన్ సంచుల్లో రెండు వరసలు కట్టి, సిలికా వేసి, పై అంతస్తు లోపలి గదికి చేర్చండి. కరెంటు వచ్చి గది ఆరాక సంచులు విప్పేయాలి, పులుపు రీలును మాత్రం మొదటి రోజే విప్పాలి. ఫిల్మ్ తడిసిపోతే ఆరబెట్టకండి. ఆరితే చుట్లు అంటుకుని ఇటుకలా గట్టిపడతాయి. శుభ్రమైన చల్లటి నీళ్లలో ముంచి ఉంచి, రెండు రోజుల్లోపు ల్యాబుకు చేర్చాలి. తడిసిన కాగితాన్ని సంచిలో పెట్టి ఫ్రీజర్‌లోకి తోసేయండి, ఆరబెట్టే పని తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

బూజు కనిపిస్తే నీళ్లగుడ్డ తగలనివ్వకండి. బూజు తిన్న చోట బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పూత నీళ్లకు కరిగిపోతుంది, బొమ్మ గుడ్డతో పాటు వచ్చేస్తుంది. ముందు పొడి పెట్టెలో వారం ఆరనిచ్చి, ఎన్-95 మాస్కు పెట్టుకుని, పొడి మఖమలు గుడ్డ మధ్య నుంచి నెమ్మదిగా చుట్టండి. జిడ్డు మరకలకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మందుల కొట్లో దొరికే 70 శాతం దానిలో దాదాపు మూడో వంతు నీళ్లే.

స్కానింగ్, హక్కులు

చెన్నై, ముంబై ల్యాబులకు పంపే ముందు అతుకులన్నీ చూసి, విడిపోయినవి గిలటిన్ స్ప్లైసరుతో (ఫిల్మ్‌ను కత్తిరించి అతికే పనిముట్టు), ఫిల్మ్ కోసం చేసిన టేపుతో వేయండి. 2కే స్పష్టతలో డి.పి.ఎక్స్. ఫైళ్లు (ఫ్రేముకో విడి బొమ్మ) అడిగితే ఒక్కో ఫ్రేము సుమారు 12.7 మెగాబైట్లు, వంద నిమిషాల సినిమాకు 1.8 టెరాబైట్లు అవుతుంది. రెండు హార్డ్‌డిస్కులు పంపండి, ఒకటి విశాఖలో, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. సౌండ్‌ట్రాక్ ప్రాంతాన్ని కూడా కలిపి స్కాన్ చేయమని రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే బొమ్మ వరకే కత్తిరించి పంపే ల్యాబులున్నాయి.

ప్రింటు మీ సొంతమైనంత మాత్రాన సినిమా మీ సొంతం కాదు. మన చట్టంలో సినిమాకు కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1946లో విడుదలైన సినిమాకు అది 2006 చివరితో తీరిపోయింది. అయినా నలుగురినీ పిలిచి ప్రదర్శించాలంటే సెన్సారు సర్టిఫికెట్ కావాలి. పాటల రికార్డుల హక్కులు, తర్వాత చేర్చిన డబ్బింగు, సబ్‌టైటిళ్ల హక్కులు వేరుగా ఉంటాయి, అవి విడిగా విచారించాకే నెట్‌లో పెట్టండి.